పాట మొదలైతే మిక్సీ ఆపే కెఫే: ఆరు ఆదివారాలు కూర్చుని రాస్తున్న రివ్యూ

ముందే ఒక సంగతి ఒప్పుకుంటాను. ఈ కెఫేలో ఆదివారం వాయించే పిల్లల బ్యాండుల్లో ఒకదాంట్లో బేస్ గిటారు పట్టుకునేది మా అక్క కొడుకు. "మామా, నువ్వు రాసేటట్టుంటే మా బ్యాండు పేరు మాత్రం రాయగాకు, చుట్టరికం రివ్యూ అంటారు" అని వాడు ముందరే గడ్డం పట్టుకున్నాడు. సరే, రాయను. అట్లని చుట్టరికం కోసం కాఫీ బాగుందని రాస్తానా, అదీ జరగదు. కాఫీ బాగాలేదు.

కడపలో కోటిరెడ్డి సర్కిల్‌కు నడిచిపోయేంత దూరంలో, మందుల షాపు పైన మొదటి అంతస్తు. ఇరవై రెండు మెట్లు. స్పీకరు మోసుకుంటూ ఎక్కినవానికి మెట్ల లెక్క గుర్తుంటుంది. ఒక పక్కంతా అద్దం, కింద తెల్ల టైల్స్, పైన తక్కువ ఎత్తు సీలింగు. నలభై కుర్చీలుంటే అందులో నాలుగు ఊగుతాయి. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, పక్క సందులో పెట్టుకుని రావాల్సిందే. మామూలు రోజుల్లో ఇది జ్యూసులు, ఫలూదా, సాయంత్రం ఉగ్గాని బజ్జీ అమ్మే చోటు. ఆదివారం ఏడు నుంచి తొమ్మిదింపావు దాకా ఇంకొకటి అవుతుంది. నేను రాయబోయేది దాని గురించే.

నేనెవరంటే, మోటార్లు వైండింగ్ చేసుకునేవాణ్ణి. అంతకుముందు 1995 నుంచి 2007 దాకా ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించినాను. వినాయక చవితి పందిళ్ళు, తిరునాళ్ళు, రిసెప్షన్లు. రాత్రికి 150 రూపాయలతో మొదలుపెట్టి 600 దాకా పోయినాను. ఆ కాలంలో "రికార్డులో ఉన్నట్టే దించినావన్నా" అంటే అంతకు మించిన మెప్పు లేదు. జనంలోంచి చీటీలు వచ్చేవి. పది రూపాయల నోటుకు గుండుసూదితో గుచ్చి, ఫలానా పాట కావాల, ఫలానావాళ్ళ తరఫున అని. ఒకసారి ప్రొద్దుటూరు దగ్గర ఒక పల్లెలో, కరెంటు పోయి వచ్చిన సందులో, మా గాయకుడు తాను కట్టుకున్న పాట ఎత్తుకున్నాడు. పల్లవి అయ్యేలోగా మూడు చీటీలు వచ్చినాయి. మూడూ సినిమా పాటలే. ఆయన నవ్వుకుంటూ పైచీటీ చదివి ఆ పాటలోకి దిగిపోయినాడు. ఆయన పాటకు చరణం ఎట్లుండేదో నాకింతవరకు తెలీదు. ఆయన ఇప్పుడు లేడు.

అందుకే మా వాడు "మామా, అక్కడ సొంత పాటలు పాడనిస్తాండారు" అన్నప్పుడు నేను నమ్మలేదు. పోయి చూసినాను.

ఈ కెఫే పెట్టుకున్న కట్టుబాట్లు మూడే. ఒక సాయంత్రానికి రెండు బ్యాండులు, తలా ముప్పావు గంట. ఒక్కో బ్యాండు కనీసం ఐదు సొంత పాటలు పాడాల, సినిమా పాట కావాలంటే చివర్న ఒకటి. మూడోది, పాట నడుస్తున్నంతసేపు కౌంటర్లో మిక్సీ తిరగకూడదు.

మొదటి రెండూ ఎవరైనా పెడతారు. మూడోది పెట్టినవానికి దండం పెట్టాల. జ్యూసు సెంటరులో మిక్సీ ఆపడమంటే పెట్రోలు బంకులో పంపు ఆపడమే. రెండో ఆదివారం నేను కావాలనే కౌంటరు పక్క కుర్చీలో కూర్చుని చూసినాను. కుటుంబంతో వచ్చిన ఒకాయన సపోటా జ్యూసులు నాలుగు చెప్పినాడు. పండ్లు జారులో పడినాయి, పాలు పోసినారు, మూత పెట్టినారు. కౌంటరు పిల్లోడి వేలు స్విచ్చి మీద ఉంది. అప్పుడే అవతల గిటారు మొదలైంది. వేలు వెనక్కొచ్చింది. "ఏమప్పా, జ్యూసుకూ పాటకూ ఏం సంబంధం?" అని ఆయన కసురుకున్నాడు. ఓనరు నాలుగు వేళ్ళు చూపించి, "నాలుగు నిమిషాలన్నా, అంతే" అన్నాడు. ఆయన విసుక్కుంటూ పోయి రోడ్డు వైపుకు మొగం పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ పాట మా ఊరి మధ్యలో పారే వాగు, బుగ్గవంక మీద. 2020 నవంబరులో నివర్ తుఫానుకు బుగ్గవంక పొంగి ఇండ్లలోకి వచ్చింది కదా, ఆ రాత్రి పాట. పాడే పిల్లకు ఇరవై రెండేళ్ళుంటాయేమో. వాళ్ళ నానమ్మకు కుట్టుమిషనే ఆధారం. నీళ్ళొస్తే ఆమె మొదట మిషన్ను మంచం మీదికెక్కించి, తాను మోకాళ్ళ లోతులో తెల్లారేదాకా నిలబడిందట. "వంక వచ్చె నట్టింట్లోకి వాకిలి అడక్కుండా, మిషను మంచమెక్కె ముసిలమ్మ నీళ్ళలోన." రాగం గొప్పదేం కాదు, చరణంలో శ్రుతి కొంచెం జారింది కూడా. కానీ రెండో చరణానికి జ్యూసుల పెద్దమనిషి కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. పాట అయినాక చప్పట్లు కొట్టలేదు. భార్యతో "మనింట్లో ఫ్రిజ్జు ఆ పొద్దే పోయింది గదా" అన్నాడు.

హైదరాబాదులో చౌరస్తా లాంటి తెలుగు బ్యాండులు పేరు తెచ్చుకున్నాయి, సంతోషమే. కానీ బుగ్గవంక మీద పాట హైదరాబాదు నుంచి రాదు, సినిమాలోంచి అసలే రాదు. అది ఇక్కడివాళ్ళు కట్టాల్సిందే, ఇక్కడివాళ్ళు వినాల్సిందే. "కడపలో వినేవాళ్ళు యాడున్నారు సామీ" అనే మాట నేను చిన్నప్పటి నుంచి వింటాండాను. పెద్ద దర్గా ఉరుసులో ఖవ్వాలీకి రాత్రంతా కూర్చునేది ఎవరు? పల్లెల్లో చెక్కభజనకు అరుగుల మీద చేరేది ఎవరు? వినేవాళ్ళు ఉండారు. ఫలానా రోజు, ఫలానా గంటకు, ఫలానా చోట అని వాళ్ళకు తెలియాల, వచ్చినాక నిమ్మళంగా కూర్చోనియ్యాల. ఈ కెఫే ఆ పని చేస్తాంది. వాన పడ్డా, ఆరుగురే వచ్చినా, ఏడుకు మొదలుపెట్టినారు. నేను చూసిన ఆరు వారాల్లో ఒక్కసారే ఇరవై నిమిషాలు ఆలస్యమైంది, అది డ్రమ్మరు బస్సు వల్ల.

ఇంగ సౌండు. ఇక్కడ నేను ఊరుకోలేను.

మొదటి వారం రెండు స్పీకర్లనూ గోడకు ఆనించి పెట్టి, వాటి ముందర గాయని నిలబడింది. స్పీకర్లో వచ్చిన గొంతు మళ్ళీ మైకులోకే పోతుంది, అక్కడి నుంచి మళ్ళీ స్పీకర్లోకి. కూత రాక ఏమవుతుంది? పైగా ఎదురుగా అద్దం, కింద టైల్స్. శబ్దం యాడా ఇంకే దారి లేక బంతిలాగ తిరుగుతుంది. మైకు మంచిదే, షూర్ ఎస్‌ఎం 58. 1966 నుంచి ప్రపంచమంతా వాడతాండే మైకు అది. ముందు వైపు నుంచి వచ్చేది బాగా పట్టి, వెనకవైపు నుంచి వచ్చేది తక్కువ తీసుకునేటట్టు చేసింటారు. మరి స్పీకర్లను మైకు మొగానికే చూపిస్తే దాని గుణం ఏం పనికొస్తుంది? స్పీకర్లు పాడేవాళ్ళకంటే ముందుకు, మనిషి తలకంటే ఎత్తులో ఉండాల. అద్దానికి మందంగా ఒక కర్టెను వేలాడదీస్తే సగం కూత పోతుంది. మూడో వారానికి స్పీకర్లు ముందుకొచ్చినాయి. కర్టెను ఇంకా రాలేదు. "పెళ్ళిమంటపమోళ్ళ దగ్గర పాతవి అడిగినానన్నా" అంటాడు ఓనరు, ప్రతి వారమూ.

రెండోది, గుయ్యిమనే మోత. పాటకూ పాటకూ మధ్య అంతా సద్దుమణిగినప్పుడు స్పీకర్లోంచి ఒకటే మోత. నా వృత్తి మోటార్లు కాబట్టి ఆ మోత వినగానే యాభై హెర్ట్జ్ అని తెలిసింది, అంటే కరెంటుదే. పోయి చూస్తే మిక్సరు ఒక గోడ ప్లగ్గులో, గిటారు ఆంప్లిఫయరు ఇంకో గోడ ప్లగ్గులో, అది ఐస్‌క్రీము ఫ్రీజరు ఉన్న లైను. రెండు చోట్ల ఎర్తు, మధ్యలో కేబులు కలిపితే చుట్టలాగ అయి మోత ఎత్తుకుంటుంది. ఫ్రీజరు కంప్రెసరు పడినప్పుడల్లా టప్పుమని ఇంకో దెబ్బ. ఇంతవరకు సరే. దానికి ఆ పిల్లలు చేసిన చిట్కా చూసి నాకు చెమట పట్టింది. ఆంప్లిఫయరు ప్లగ్గుకు లావుగా ఉండే మూడో పిన్ను ఇరగ్గొట్టినారు. మోత తగ్గింది నిజమే, ఎర్తు కూడా పోయింది.

"రేయ్, తీగలు ఇనుపవి. ఒక చేత్తో గిటారు, మూతి దగ్గర మైకు. లోపల ఎక్కడైనా వైరు తగిలిందంటే నీ గుండెలోంచే పోతాది కరెంటు" అన్నాను.

"యూట్యూబులో చూసినాం అంకుల్" అన్నాడు గిటారు పిల్లోడు.

నేను షాపుకు పోయి కొత్త ప్లగ్గు, ఒక మంచి ఎక్స్‌టెన్షను బోర్డు తెచ్చి, వాయిద్యాలన్నీ ఒకే బోర్డులో, ఫ్రీజరు వేరే లైన్లో పెట్టించినాను. మోత పోయింది. ఇది చదివే ఏ బ్యాండు పిల్లలైనా సరే, మూడో పిన్ను జోలికి పోవద్దు. అన్నీ ఒకే చోటి నుంచి తీసుకోండి, అంతే. ఆ రోజు ఓనరు నా బిల్లు తీసుకోలేదు, ఆ సంగతీ చెప్పేస్తున్నాను.

డ్రమ్ముల సెట్టు ఇక్కడ పనికిరాదు, గది చిన్నది. కహోన్ అని చెక్కపెట్టె మీద కూర్చుని వాయిస్తాండారు. అది ఈ గదికి సరిగ్గా అతికింది. ఒక బ్యాండువాళ్ళు కహోను పక్కన డప్పు కూడా తెచ్చినారు. ఆ డప్పు మోగిన వారం కింద మందుల షాపాయన పైకొచ్చి నిలబడినాడు. గొడవకేమో అనుకున్నాం, రెండు పాటలు విని పోయినాడు. రాత్రి పదికి మించి లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది. వీళ్ళు తొమ్మిదింపావుకే ముగిస్తారు కాబట్టి ఆ తంటా లేదు.

డబ్బుల విషయంలో నాకు కోపం వచ్చింది, తర్వాత కొంత తగ్గింది. లోపలికి టిక్కెట్టు లేదు. మొదట్లో వచ్చినవాళ్ళు ఇష్టమొచ్చింది ఇచ్చేదానికి కెఫే క్యూఆరే పెట్టినారు. ఆ డబ్బులు బ్యాండుకు ఇచ్చేసరికి మూడు వారాలు పట్టింది. అది కూడా "బజ్జీలకు మినహాయించినాం" అని ఒక లెక్క. పిల్లలు మొహమాటపడి అడగలేదు. నేను అడిగినాను. ఆర్కెస్ట్రాలో పన్నెండేళ్ళు ఉన్నవానికి ఈ మినహాయింపులు కొత్తగాదు. నాలుగో వారం నుంచి బ్యాండు సొంత క్యూఆరు కాగితాన్ని మైకు స్టాండుకే కట్టినారు. ఎవరు ఎంత పంపినా నేరుగా వాళ్ళ ఫోనుకే. ఆ రాత్రి మా వాడి బ్యాండుకు 2,140 రూపాయలు వచ్చినాయి. నలుగురు పిల్లలు. ఆటోకు రానూపోనూ 400 పోయింది. మిగిలింది పంచుకుంటే తలా 435.

తక్కువే. అయితే ఇంకో లెక్క చూడండి. వీళ్ళ పాట ఒకటి స్పాటిఫైలో ఉంది. మా వాడు గొప్పగా చూపించినాడు, 612 సార్లు విన్నారంట. 2024 నుంచి అక్కడ రూలేమంటే, ఒక పాటను పన్నెండు నెలల్లో కనీసం 1000 సార్లు వినకపోతే ఆ పాటకు పైసా లెక్కగట్టరు. అంటే 612 సార్లు విన్న పాటకు సున్నా, నలభై కుర్చీల ముందర పాడిన పాటకు మనిషికి 435. నెట్‌లో పెట్టొద్దని కాదు నా మాట, పెట్టాల. పెట్టేటప్పుడు గడులన్నీ నింపాల. ఆ పాటకు రాసినవారు అనే గడి ఖాళీగా వదిలేసినారు! మా వాళ్ళ బ్యాండులోనే పాడే బుగ్గవంక పిల్ల రాసిన పాట అది. ఆ పిల్లను పక్కకు పిలిచి చెప్పినాను, "అమ్మా, రాసింది నువ్వే, కట్టింది నువ్వే. పాటల రాయల్టీ వసూలు చేసి పంచే సంఘం ఐపీఆర్ఎస్ అని 1969 నుంచి ఉంది, పాటలు రాసేవాళ్ళు, కట్టేవాళ్ళు అందులో సభ్యులు కావచ్చు. 2012లో చట్టం మార్చినాక నీ రాయల్టీ వాటాను ఎవరో కాగితం మీద రాయించుకుని పోవడం కుదరదు. చేరు" అని. తలూపింది. చేరిందో లేదో మళ్ళీ అడగాల.

ఇంకోటి కూడా చెప్పినాను. ఆకాశవాణి కేంద్రం మన ఊర్లోనే ఉంది. లలిత సంగీతానికి ఆడిషను పెట్టి గ్రేడు ఇస్తారు. "రేడియో ఎవరింటారు అంకుల్" అనింది. మా షాపులో రోజంతా మోగేది రేడియోనే అన్నాను. నవ్వి ఊరుకుంది.

ప్రచారం దగ్గరికొస్తే, ఈ కెఫే పోస్టరు చూసి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. రంగురంగుల కాగితం మీద సగం దాకా ఫలూదా గ్లాసు బొమ్మ, దాని పక్కన లావు అక్షరాల్లో లైవ్ మ్యూజిక్. బ్యాండు పేరు అడుగున, ఫోను నంబరు కింద, చీమ తలకాయంత. మా ఆర్కెస్ట్రాకు గులాబిరంగు కరపత్రాలుండేవి, జీపుకు మైకు కట్టి పంచుకుంటూ పోయేవాళ్ళం. అందులో కూడా మా పేర్లుండవు, గ్రూపు పేరన్నా లావుగా ఉండేది. ఫలూదా తినాలనుకున్నవాడు ఎట్లైనా వస్తాడు, వానికి పోస్టరు అక్కర్లేదు. ఎవరు వాయిస్తారు, ఏ ఊరి పిల్లలు, ఏ పాటలు, ఎన్ని గంటలకు, ఇవి తెలుగులో పెద్దగా రాయాల. యోగి వేమన యూనివర్సిటీలో, ఇంజనీరింగు కాలేజీల హాస్టళ్ళలో అంటించాల. టేబుళ్ళ మీద నిలబెట్టే ఫలూదా అట్టముక్కకు వెనకవైపు ఖాళీగానే ఉంది. అక్కడ బ్యాండు పాటకు పోయే క్యూఆరు వేస్తే విన్నవాడు ఇంటికి పోయి మళ్ళీ వింటాడు. ఈ మాట ఓనరుకు చెప్తే, "అన్నా, ప్రింటింగోని దగ్గర వెయ్యి పోస్టర్లు ఒకేసారి కొట్టించినా, అవి అయిపోనీ" అన్నాడు. వెయ్యి ఫలూదాలు. కానీ మనిషి మంచోడు. ఇరవై ఏడేళ్ళకు ఇంత ఓపిక నేను చూడలేదు.

తిండి గురించి రెండు ముక్కలు. ఉగ్గాని బాగుంది, బొరుగులు మరీ నాననియ్యకుండా పొడిగా కలుపుతారు. బజ్జీలో మిరపకాయ కారం తగ్గించినారు, ఎవరికోసమో. కారం దోసె ఆదివారం వెయ్యరు, పెనం చప్పుడుకు భయపడి అనుకుంటా. ఫలూదా నేను తినలేదు, ఆ పోస్టరు మీద కోపంతో.

ఆరో ఆదివారం కుర్చీలు చాల్లేదు. మెట్ల మీద కూడా కూర్చున్నారు. మా వాళ్ళది రెండో బ్యాండు. ఐదు పాటలు అయినాయి, చివర్న సినిమా పాట ఎత్తుకోబోతున్నారు. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒక ముసలాయన లేచి, మడిచిన కాగితం ఒకటి చేతులు మార్చి ముందుకు పంపినాడు. చీటీ. దానికి పది రూపాయల నోటు, గుండుసూది కూడా ఉంది. ఈ కాలంలో గుండుసూది యాడ దొరికిందో. నాకు కడుపులో తిప్పినట్టయింది. ఇది ఏ సినిమా పాటకో నాకు తెలుసు అనుకున్నాను. ఆ పిల్ల చీటీ విప్పి, పెదాలు కదుపుతూ చదువుకుని, పక్కకు తిరిగి మా వానికి చూపించింది. వాడు గిటారు శ్రుతి మళ్ళీ సరిచేసుకున్నాడు.

"బుగ్గవంక ఇంకోసారి, మోచంపేట నుంచి" అని మైకులో చదివింది.

కౌంటరులో మిక్సీ ఆగింది. అందులో ఉన్నది నా సపోటా జ్యూసు. తొమ్మిదిన్నరకు చేతికిచ్చినారు, ఐసంతా నీళ్ళయిపోయి.